రికాబులు లేని దొర

దసరా సెలవులు ముగిశాక మా పాత కాలేజీ మిత్రులం అనంతపురంలో ఎవరో ఒకరి మిద్దె మీద కలుస్తాం. ఉగ్గాని, బజ్జీలు అయ్యాక ఫోన్లు బయటికి వస్తాయి. ఎవరు ఎక్కడికి వెళ్లొచ్చారో ఆ ఫోటోలన్నీ మిగిలినవాళ్లు చూసి తీరాలి. మన ఫోటోలు వాళ్లు చూసినందుకు తీర్చుకోవలసిన బాకీ అది. ఈసారి ఒకరు యాగంటికి, ఒకరు లేపాక్షికి, బ్యాంకులో పనిచేసే మిత్రుడు పిల్లలతో మద్రాసుకు వెళ్లొచ్చారు. అతని ఫోటోల్లో సముద్రం, సముద్రం, మళ్లీ సముద్రం, మధ్యలో ఉన్నట్టుండి ఒక గుర్రం.

గుర్రం మీద ఒక దొర. కదులుతున్న ఆటోలోంచి తీసిన ఫోటో కాబట్టి కొంచెం అలుక్కుపోయింది. "ఇదీ అసలు వింత. గుర్రానికి, ఎక్కినవాడు పాదాలు పెట్టుకునే రికాబులు లేవు చూడండి. శిల్పి పెట్టడం మరిచిపోయాడట. ఆవిష్కరణ రోజున జనంలో ఎవరో పట్టేశారట. ఆ అవమానం భరించలేక శిల్పి ప్రాణం తీసుకున్నాడట," అన్నాడు. ఆటో డ్రైవరు చెప్పిన కథ. అందరూ అయ్యో అన్నారు. ఒకరిద్దరు ఫోటోను వేళ్లతో పెద్దది చేసి గుర్రం డొక్క దగ్గర వెతికారు. రికాబులు నిజంగానే లేవని తేల్చుకుని తరువాతి ఫోటోకు వెళ్లిపోయారు. అది మళ్లీ సముద్రమే.

గుర్రం మీద కూర్చున్నది ఎవరని ఒక్కరూ అడగలేదు. ఇంకే ఊళ్లోనైనా అడగకపోతే పట్టించుకునేవాడిని కాదు. అనంతపురంలో కూర్చుని అడగకపోవడమే నాకు మింగుడుపడలేదు. ఆయన సర్ థామస్ మన్రో. దత్తమండలాలకు, అంటే నిజాం ఇంగ్లీషు కంపెనీకి ఇచ్చేసిన మన ప్రాంతానికి, మొదటి ప్రధాన కలెక్టరు. తరువాత మద్రాసు గవర్నరు. చనిపోయింది పత్తికొండలో, మొదట పూడ్చింది గుత్తిలో. మిద్దె మీద ఉన్నవాళ్లలో ఒకడిది పత్తికొండే. అతను కూడా గుర్రం డొక్కనే చూశాడు.

ఆ రాత్రి మొదలైన వాదన చాలా రోజులు ఫోన్లలో సాగింది. నేను అన్నది ఒక్కటే: ఆ రికాబుల కథను మనం మానేయాలి. అది నిజం కాదు, సరే. నిజం కాని కథలు మనకు కొత్తా? దానిమీద నాకున్న పెద్ద ఫిర్యాదు వేరు. ఆ కథ విన్నవాడు ఇక విగ్రహాన్ని చూడడు.

ముగ్గురికీ మరిచిపోతాడా?

ముందు నిజానిజాల సంగతి తేల్చేస్తాను. విగ్రహం చేసినవాడు ఫ్రాన్సిస్ ఛాంట్రీ. ఆ కాలపు లండన్‌లో పెద్ద పేరున్న శిల్పి. మన్రో 1827లో పోయాక మద్రాసులో చందాలు పోగుచేసి ఆయనకు పని అప్పగించారు. విగ్రహం ఓడలో వచ్చి, 1839లో మౌంట్ రోడ్డు పక్కన దీవి మైదానంలో నిలబడింది. ఛాంట్రీ ఆ తరువాత రెండేళ్లు బతికి, 1841లో అరవై ఏళ్ల వయసులో లండన్‌లోని తన ఇంట్లోనే గుండె జబ్బుతో పోయాడు. పోయేముందు తన ఆస్తిని కళాఖండాల కొనుగోలు కోసం రాయల్ అకాడమీకి చెందేలా రాసిపెట్టాడు. సిగ్గుతో చచ్చిపోయిన మనిషి చేసే పనులు కావివి.

ఛాంట్రీ గుర్రం మీద కూర్చోబెట్టినవాళ్లు ముగ్గురు. ఒకరు మన్రో. ఇంకొకరు లండన్ ట్రఫాల్గర్ స్క్వేర్‌లో ఉన్న నాలుగో జార్జి రాజు. మూడోవాడు రాయల్ ఎక్స్ఛేంజి ముందున్న వెల్లింగ్టన్ డ్యూక్. ఆ చివరి విగ్రహం ఛాంట్రీ పోయాక పూర్తయి 1844లో నిలబడింది. ఈ ముగ్గురిలో ఎవరికీ రికాబులు లేవు. ఒక గుర్రానికి మరిచిపోయాడంటే నమ్మొచ్చు. రాజుకూ, గవర్నరుకూ, సేనాపతికీ కూడా మరిచిపోతాడా? పైగా అచ్చు పోసినవాళ్లు, పని చూడడానికి వచ్చినవాళ్లు, చందా ఇచ్చినవాళ్లు, ఓడకెక్కించినవాళ్లు, అందరూ గుర్రాల మీదే తిరిగిన కాలం అది. ఇవాళ సైకిలుకు పెడళ్లు లేకుండా బొమ్మ చేస్తే ఎంతసేపట్లో పట్టుకుంటారో, అప్పుడు రికాబులు లేకపోతే అంతసేపట్లో పట్టుకునేవారు.

అది మరుపు కాదు, ఎంచుకున్న పద్ధతి. రోమ్‌లో మార్కస్ ఆరీలియస్ చక్రవర్తి కంచు విగ్రహం ఉంది. గుర్రం మీద కూర్చున్న మనిషి విగ్రహం ఎలా ఉండాలో ఐరోపా శిల్పులకు నేర్పిన బడి అది. దానికి రికాబులు లేవు. రోమన్లకు రికాబు అనేదే తెలియదు. ఎన్నో వందల ఏళ్ల తరువాత తూర్పు దేశాల నుంచి అది ఐరోపాకు చేరింది. ఛాంట్రీ 1819లో రోమ్ వెళ్లొచ్చాడు. రికాబులు తీసేస్తే మనిషి మామూలు రౌతు కాకుండా పాతకాలపు చక్రవర్తిలా కనిపిస్తాడు. కావలసింది అదే.

ఇక్కడికి వచ్చేసరికి అసలు వింత రికాబులను దాటి పైకి పోతుంది. డేరాల్లో బతికి, పల్లెల వెంట తిరిగి, పొలానికి పొలం గొలుసు పెట్టి కొలిపించి, చివరికి పత్తికొండలో కలరాతో పోయిన మనిషిని రోమన్ చక్రవర్తిలా ఎందుకు కూర్చోబెట్టారు? ఆ విగ్రహంలో నాకు కనిపించే పొరపాటు అది. మన్రో 1800 నుంచి 1807 దాకా మన జిల్లాల్లో ఉన్నాడు. ఆ ఏడేళ్ల మన్రోకు విగ్రహం చేయాలంటే గుర్రం దిగి, చేతిలో లెక్కల కాగితంతో, ఎదురుగా తలపాగా చుట్టుకున్న రైతుతో శిస్తు గురించి వాదిస్తున్నట్టు చేయాలి. ఆ రైతు ముఖంలో నమ్మకం, అనుమానం రెండూ ఉండాలి. ఛాంట్రీకి ఆ రైతు సంగతి ఎవరు చెప్పి ఉంటారు?

స్తంభం కింద గుడ్డ

నా వాదనకు నాకే తోచిన ఎదురు ప్రశ్న ఒకటుంది. ఆ కథే లేకపోతే బ్యాంకు మిత్రుడు అసలు ఫోటో తీసేవాడా? మద్రాసు నిండా విగ్రహాలే. అతను వాటిలో దేనికీ ఫోన్ ఎత్తలేదు. ఆటో డ్రైవరు కథ చెప్పాడు కాబట్టే ఎత్తాడు. రికాబులు పెట్టి ఉంటే ఆ దొర మిగిలినవాళ్లలో కలిసిపోయేవాడు. ఆ ఫోటో మా మిద్దె దాకా వచ్చేదే కాదు, నేను ఇదంతా రాసేవాడినీ కాదు. కాబట్టి అబద్ధమే విగ్రహాన్ని బతికిస్తోందనే మాటను తీసిపారేయలేను.

కానీ ఆ బతికించడం ఎలాంటిదో చూడాలి. ఆ రోజే లేపాక్షి ఫోటోలూ చూశాం. వేలాడే స్తంభం కింద ఒక వైపు నుంచి గుడ్డ దూర్చి రెండో వైపు నుంచి లాగుతున్న ఫోటో ఉంది. లేపాక్షి వెళ్లిన ప్రతి కుటుంబం దగ్గరా ఉంటుంది. మనుషులు మారతారు, తువ్వాలు రంగు మారుతుంది, అంతే. మిత్రురాలి ఫోటోలో పై అంచున ఎర్రగా, పచ్చగా ఏదో కనిపించింది. "పైన ఏమిటది?" అని అడిగాను. "ఏవో బొమ్మలున్నాయి, మెడ నొప్పి పుడుతుందని చూడలేదు," అంది. ఆ ఏవో బొమ్మలు విజయనగర కాలం నుంచి మనకు మిగిలిన చిత్రాలలో మేలైనవి. కిరాతార్జునీయం, ద్రౌపదీ స్వయంవరం, అడవిపంది వేట అన్నీ ఆ కప్పు మీద ఉన్నాయి. అచ్యుతరాయల కాలపు మనుషులు ఏ అంచు చీర కట్టారో, ఎలాంటి టోపీ పెట్టారో చూడాలంటే అంతకన్నా మంచి చోటు లేదు. ఆ స్తంభం వాటి కిందనే ఉంది. మనం నేల మీద వంగి గుడ్డ లాగుతుంటాం.

వింత మనల్ని గుడి దాకా తీసుకుపోయిందన్నది నిజమే. తీసుకుపోయి తన దగ్గరే కూర్చోబెట్టుకుంది. యాగంటి బసవన్న సంగతీ అంతే. పెరుగుతున్నాడా, ఎంత పెరిగాడు, కలియుగాంతానికి లేచి రంకె వేస్తాడా అని అరగంట మాట్లాడాం. ఆ గుహల మాట, కోనేటి మాట ఎవరూ ఎత్తలేదు. దాని మీద ఎక్కువ చెప్పను. వీరబ్రహ్మం గారితో పేచీ పెట్టుకునే ధైర్యం నాకు లేదు.

బ్యాంకు మిత్రుడికి మాత్రం ఓపిక నశించింది. "నువ్వు చెప్పేదంతా ఆటోలో పిల్లలకు ఎలా చెప్పమంటావు? సిగ్నల్ మారే లోపల అయిపోవాలి," అన్నాడు. అడగవలసిన ప్రశ్నే. కానీ రికాబుల కథకు పట్టేంత సేపట్లోనే, ఈయన మన పత్తికొండలో చనిపోయాడు, మన పొలాలకు మొదటి కొలతలు వేయించింది ఈయనే, పాలెగాళ్ల భూములు లాక్కున్నదీ ఈయనే అని చెప్పొచ్చు. సిగ్నల్ ఇంకా ఎర్రగానే ఉంటే రోమ్ సంగతి చెప్పొచ్చు.

జక్కన చెయ్యి, విరూపణ్ణ కళ్లు

ఇంతమంది ఇంత సులువుగా ఆ కథను ఎందుకు నమ్ముతారు? నాకు తోచిన సమాధానం ఏమిటంటే, అది మనకు ముందే తెలిసిన కథ. బేలూరులో జక్కనాచారి చెక్కిన విగ్రహంలో దోషం ఉందని ఒక కుర్రవాడు చూపించాడు. రాయిలోంచి కప్ప బయటికి వచ్చింది. జక్కన తన కుడిచెయ్యి నరుక్కున్నాడు. ఆ కుర్రవాడు తన కొడుకేనని తరువాత తెలిసింది. ఇది తెలుగువాళ్లలో, కన్నడిగుల్లో తెలియనివారు లేరు. మన లేపాక్షిలోనే విరూపణ్ణ కథ ఉంది. రాజుగారి ధనం గుడికి ఖర్చుపెట్టేశాడని నింద పడితే, శిక్ష వేసే శ్రమ రాజుకు ఇవ్వకుండా తన కళ్లు తానే పీక్కుని గోడకు కొట్టాడు. ఆ ఎర్రటి మరకలను ఇప్పటికీ చూపిస్తారు. కళ్యాణ మండపం అందుకే అసంపూర్తిగా ఆగిందంటారు.

పనిలో ఒక లోటు, దాన్ని పట్టుకున్న ఒక చూపు, చేసినవాడి ఒంటి మీద పడ్డ శిక్ష. దక్షిణాదిన రాయి ఉన్న ప్రతిచోటా ఈ మూడూ తిరుగుతుంటాయి. మద్రాసులో ఒక ఇంగ్లీషు శిల్పి కనిపించగానే ఆ అంగీ అతనికి తొడిగేశారు. అంటే రికాబుల కథ ఇంగ్లీషువాళ్ల గురించి మనకు చెప్పేది ఏమీ లేదు. జక్కననే లండన్‌కు పంపించి మళ్లీ ఓడలో తెప్పించాం. ఆ పని చేసిన జనం ఊహాశక్తిని నేను మెచ్చుకుంటాను. అయితే జక్కన కథ చెప్పేటప్పుడు మనసులో తండ్రీ కొడుకులు నిలుస్తారు, విరూపణ్ణ కథ చెప్పేటప్పుడు అధికారం ముందు నౌకరు నిస్సహాయత నిలుస్తుంది. రికాబుల కథలో ఏం నిలుస్తుంది? పెద్ద శిల్పి చిన్న విషయం మరిచాడు, అంతే. చెప్పినవాడికీ విన్నవాడికీ మనం అంత తెలివితక్కువ వాళ్లం కాదులే అన్న చిన్న తృప్తి దక్కుతుంది.

చిటికెనవేలు, బంగారు తోరణం

అసంపూర్తిగా మిగిలిన విగ్రహాన్ని ఎలా చూడాలో మన కడప జిల్లాకు బాగా తెలుసు. వేంపల్లె దగ్గర గండి. పాపాగ్ని నది కొండల్ని చీల్చుకుని వచ్చే చోటు. అక్కడ వీరాంజనేయుడి రూపాన్ని రాముడే బాణపు మొనతో రాతి మీద గీశాడని నమ్మకం. లంక నుంచి తిరిగి వస్తూ ఆగాడు, అయోధ్యకు వెళ్లే తొందరలో ఎడమచేతి చిటికెనవేలు గీయకుండానే బయలుదేరాడు. ఆ తరువాత ఎప్పుడో ఉలి పెట్టి ఆ వేలు పూర్తి చేయబోతే రక్తం కారిందట. దాంతో అలాగే వదిలేశారు.

ఇక్కడా లోటు ఉంది. కానీ రాముడు మరిచిపోయాడని ఎవరూ అనరు, ఎవరూ చెయ్యి నరుక్కోరు. తొందరలో ఉన్న ఒక మనిషి, అతని కోసం ఎదురుచూస్తున్న తమ్ముడు, ఆగిపోయిన గీత అన్నీ ఆ వేలు లేని చోట కనిపిస్తాయి. పూర్తి చేయబోయినవాడికే తప్పు అంటుకుంది. దేవుడి విషయంలో ఇంత ఉదారంగా ఉండే మనం దొర విషయంలో పిసినారులమయ్యాం అని ఒక మిత్రుడు నవ్వాడు. దేవుడూ దొరా ఒకటి కాదు కదా అని ఇంకొకరు. నిజమే. కాని గండిలో ఆ ఇద్దరి కథలూ ఒకే కొండల మధ్య ఉన్నాయి. నేను ఇంతసేపూ ఇక్కడికి రావాలనే చూస్తున్నాను.

రాముడికి స్వాగతం చెప్పడానికి వాయుదేవుడు ఆ రెండు కొండల మధ్య బంగారు తోరణం కట్టాడని, అది ఇప్పటికీ ఉందని, మామూలు కళ్లకు కనిపించదని అంటారు. కాలం దగ్గర పడ్డవారికీ పుణ్యాత్ములకూ మాత్రమే కనిపిస్తుంది. మన్రో ఆ దారిన వెళుతూ తల ఎత్తి, "ఆ తోరణం ఎవరు కట్టారు? ఎంత బాగుంది!" అన్నాడట. వెంట ఉన్నవాళ్లకు ఏమీ కనిపించలేదు. అర్థమైనవాళ్లు తల దించుకున్నారు. కొద్దికాలానికే, 1827 జూలై 6న, పదవి దిగి స్వదేశం వెళ్లబోతూ పాత జిల్లాలను చివరిసారి చూడడానికి వచ్చిన మన్రో పత్తికొండలో కలరాతో పోయాడు. గుత్తికి తీసుకెళ్లి పూడ్చారు. 1831లో మద్రాసు కోటలోని సెయింట్ మేరీ చర్చికి తరలించారు.

మంత్రాలయం కథ ఇంకా ఎక్కువమందికి తెలుసు. మఠం భూముల విచారణకు మన్రో చెప్పులు విప్పి లోపలికి వెళ్లాడని, రాఘవేంద్రస్వామి బృందావనంలోంచి వచ్చి మాట్లాడారని, మిగిలిన ఎవరికీ స్వామి కనిపించలేదని చెబుతారు. తిరుమలలో నైవేద్యం పెట్టే మన్రో గంగాళం మాటా వినే ఉంటారు.

ఈ కథలను పక్కపక్కన పెట్టినప్పుడు నాకు ఒకటి తట్టింది. రాయలసీమ చెప్పుకున్న మన్రో, ఇతరులకు కనిపించనిది చూసే మనిషి. గండిలో అందరి తలల పైనా ఉన్న తోరణం ఆయనకే కనిపించింది, మంత్రాలయంలో స్వామి ఆయనకే కనిపించాడు. ఏడేళ్లు ఊరూరా తిరిగి ప్రతి చెలకనూ చూసిన కలెక్టరు గురించి జనం అలా అనుకోవడంలో ఆశ్చర్యం లేదు. మన్రోలప్ప అని పిల్లలకు పేర్లు పెట్టుకున్నది ఈ నేల మీదే. మద్రాసు విగ్రహం కథలో మాత్రం ఎవరికీ ఏమీ కనిపించదు. శిల్పికి రికాబులు కనిపించలేదు, మనకు మన్రో కనిపించడం లేదు.

ఉయ్యాలవాడ వైపు నుంచి

ఇదంతా విని కర్నూలులో పాఠాలు చెప్పే మిత్రురాలు ఊరుకోలేదు. ఆమె ప్రశ్నలు నా మిగిలిన మిత్రులందరి ప్రశ్నల కన్నా పదునైనవి. "దొర పేరు పిల్లలకు పెట్టుకున్నవాళ్ల సంగతి చెప్పావు. పాలెగాళ్ల సంగతి?" అంది.

చెప్పవలసిందే. మన్రో వచ్చేనాటికి దత్తమండలాల్లో ఎనభై మంది దాకా పాలెగాళ్లున్నారు. కొందరిని తరిమి, కొందరిని బంధించి, కొందరికి పింఛను ఇచ్చి కూర్చోబెట్టి వాళ్ల అధికారాన్ని తుడిచేసింది మన్రోనే. ఆ పింఛనుల చివర ఉన్నది ఉయ్యాలవాడ నరసింహారెడ్డి. నెలకు పదకొండు రూపాయల చిల్లర. అది అడగబోయి అవమానపడడం దగ్గర మొదలైన మంట 1846లో తిరుగుబాటు అయింది. 1847 ఫిబ్రవరి 22న కోవెలకుంట్లలో ఉరి తీశారు. తలను కోట గుమ్మానికి ఏళ్ల తరబడి వేలాడదీశారు. మన్రోకు మద్రాసులో కంచు విగ్రహం నిలబడి అప్పటికి పదేళ్లు కూడా కాలేదు. ఆ తల, ఆ విగ్రహం ఒకే కాలంలో జనం చూడడానికి ఎత్తున పెట్టినవి.

సర్కారు నేరుగా రైతు దగ్గరే శిస్తు వసూలు చేసే మన్రో రైతువారీ పద్ధతి గొప్పతనం మీద కూడా నాకు పూర్తి నమ్మకం లేదు. జమీందారు మధ్యలో లేకపోవడం మేలే. కానీ మధ్యలో ఎవరూ లేకపోతే సర్కారు చెయ్యి నేరుగా రైతు గొంతు దగ్గరికి వస్తుంది. తాను వేయించిన శిస్తే ఎక్కువని మన్రోకు తెలిసి, 1807లో వెళ్లిపోయేముందు నాలుగో వంతు తగ్గించాలని రాశాడు. కంపెనీ వినలేదు. రైతువారీనే పక్కన పెట్టి ఊళ్లను కౌలుకు వేలం వేసింది. ఆయన గవర్నరుగా తిరిగి వచ్చాక 1820లో ఆ తగ్గింపుతో మళ్లీ రైతువారీ వచ్చింది. ఆయన పోయాక కూడా శిస్తు కోసం రైతులను చిత్రహింసలు పెట్టడం ఆగలేదు. మద్రాసు ప్రభుత్వం వేసిన చిత్రహింసల విచారణ సంఘమే 1855లో ఆ మాట రాసింది. మంచి కలెక్టరు వేసిన దారిలోనే చెడ్డ తహశీల్దారు కూడా నడుస్తాడు.

"అయితే విగ్రహం తీసేయమంటావా?" అని పత్తికొండ మిత్రుడు అడిగాడు. తీసేయమనను. మద్రాసులో విగ్రహాలు తీయడం ఎప్పుడో జరిగింది. 1857 తిరుగుబాటును అణచేటప్పుడు ఘోరాలు చేసిన ఇంగ్లీషు సేనాని నీల్ విగ్రహం తీయాలని 1927లో సత్యాగ్రహం చేశారు. జైళ్లకు వెళ్లారు. రాజాజీ ప్రభుత్వం 1937లో దాన్ని మ్యూజియానికి పంపింది. మన్రో మాత్రం ఉన్నచోటే ఉన్నాడు. భారతీయులకు పాలన నేర్పి ఒకనాటికి మనం వెళ్లిపోవాలి అన్న అర్థంలో 1824లోనే రాసిన మనిషి కాబట్టి కొంత, ఎవరూ పట్టించుకోలేదు కాబట్టి కొంత. రికాబుల కథ కూడా ఆయనను కాపాడి ఉండవచ్చని నాకు ఒక అనుమానం. పాలకుడి విగ్రహం మీద కోపం వస్తుంది, శిల్పి మరుపుకు స్మారకమైతే నవ్వు వస్తుంది. నవ్వు వచ్చినదాన్ని ఎవరూ పగలగొట్టరు. మరి ఆ కథకు నేను ఇచ్చిన మార్కులు తక్కువేమో! అయినా ఆ కాపాడిన తీరు నాకు నచ్చదు. నీల్ గురించి కోపం తెచ్చుకున్నవాళ్లు నీల్ ఎవరో తెలిసి తెచ్చుకున్నారు. మన్రోను ఉంచినా తీసినా అలా తెలిసి చేయాలి.

స్మారకాల మాట వస్తే, పత్తికొండలో మన్రో పోయిన చోట ఆనాటి ప్రభుత్వం చెట్లు నాటించి, రాతి మెట్లతో బావి తవ్వించింది. వాన కోసం ఆకాశం చూసే తాలూకాలో నీడ, నీళ్లు. మద్రాసు విగ్రహం కన్నా ఆ ఆలోచన చేసిన గుమాస్తా ఎవరో గాని నాకు ఎక్కువ నచ్చాడు. పత్తికొండ మిత్రుడు మాత్రం, "బావి ఫోటో తీస్తే ఎవరు చూస్తారు?" అన్నాడు.

కర్నూలు మిత్రురాలు అక్కడితో ఆగలేదు. "నీకు ఊరి అబద్ధం ముద్దు, మద్రాసు అబద్ధం చేదు. తోరణం కథ మాత్రం నిజమా? దొర పుణ్యాత్ముడని పొగడడానికి అల్లిందే కదా!" అంది. ఊరి మీద మమకారం ఉందని ఒప్పుకుంటాను. కానీ తోరణం కథ ఒట్టి పొగడ్త అంటే ఒప్పుకోను. ఆ తోరణం కనిపించడమంటే చావు దగ్గర పడిందని అర్థం. అదే కథను మఠం ఈనాం దక్కించుకున్నవాడు చెబితే మెప్పు. పాలెం పోగొట్టుకుని పింఛను కోసం కచేరీ అరుగు మీద కూర్చున్నవాడు చెబితే ఆ గొంతు వేరుగా ఉంటుంది. "దొరకు తోరణం కనిపించిందటలే" అని అతను ఎంత తృప్తిగా అని ఉంటాడో! కథలో ఒక్క మాట మార్చనక్కరలేదు. రికాబుల కథను అలా రెండు రకాలుగా చెప్పి చూడమన్నాను.

ఆమె కాసేపు ఆలోచించింది. "రెండో రకంగా చెప్పేవాళ్లు ఉన్నారంటావా? ఉంటే కోవెలకుంట్ల వైపు ఉండాలి," అంది. సంక్రాంతికి ఆమె పుట్టిల్లు అటువైపే. ముసలివాళ్లను అడిగి వస్తానంది. ఫోటోలు వద్దు, మాటలు రికార్డు చేసుకుని రమ్మన్నాను.